స్పెసిఫికేషన్ నుంచి సర్క్యూట్ దాకా: పదహారు చానళ్లు, ఒక్క మల్టిప్లయర్

బెంగళూరు మారతహళ్లిలోని మా ఆఫీసుకు ఏటా కొత్త ఇంజినీర్లు వస్తారు. వారిలో తెలుగువాళ్లే ఎక్కువ. కడప, గుంటూరు, వరంగల్ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇక్కడి హాస్టళ్లలో దిగి, మొదటి వారంలోనే నా దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు: "అక్కా, సీ ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోంది కదా, హెచ్‌ఎల్‌ఎస్ టూల్‌కు ఇస్తే హార్డ్‌వేర్ రాదా?" హెచ్‌ఎల్‌ఎస్ అంటే హై లెవెల్ సింథసిస్, సీ లేదా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాంను హార్డ్‌వేర్‌ను వర్ణించే వెరిలాగ్, వీహెచ్‌డీఎల్ భాషల్లోకి మార్చే పద్ధతి. నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. హార్డ్‌వేర్ వస్తుంది, కానీ అది మీకు కావలసినది కావాలంటే సీ ప్రోగ్రాం చెప్పని మూడు సంగతులు మీరు చెప్పాలి. ఏ పని ఎప్పుడు జరగాలి, ప్రతి అంకెకు ఎన్ని బిట్లు, ప్రతి విలువ ఎక్కడ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ నిర్దేశంలో (స్పెసిఫికేషన్‌లో) ఈ మూడింటి గురించి దాదాపు ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ రాసేవారికి వాటి అవసరం రాదు. ప్రాసెసర్ వరుసగా చేసుకుపోతుంది, పూర్ణాంకం అంటే 32 బిట్లు, మెమరీ అంటే ఒక పెద్ద గిడ్డంగి. హార్డ్‌వేర్‌లో మాత్రం ఆ మూడూ మన నిర్ణయాలే. ఆ నిర్ణయాలు ఏ వరుసలో తీసుకోవాలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని చూపిస్తాను.

ఉదాహరణ ఇది. పీణ్య పారిశ్రామికవాడలో యంత్ర భాగాలు కోసే ఒక వర్క్‌షాపు ఉందనుకుందాం. అక్కడి యంత్రాల బేరింగులు పాడవుతుంటే ముందుగానే పట్టుకునే చిన్న పెట్టె కావాలి. నిర్దేశ పత్రంలో ఉన్నది ఇంతే: 16 కంపన సెన్సర్లు, ఒక్కొక్కటి సెకనుకు లక్ష శాంపిల్స్, ఒక్కో శాంపిల్ 12 బిట్లు, ప్రతి చానల్‌కు 64 గుణకాల ఎఫ్ఐఆర్ వడపోత (గత శాంపిల్స్‌ను ఒక్కో స్థిర గుణకంతో గుణించి కూడే ఫిల్టర్), వడపోత తరువాతి విలువ వరుసగా 4 సార్లు పరిమితి దాటితే 200 మైక్రోసెకన్లలో అలారం, పరిమితిని ఆపరేటర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, డేటా అంతా రికార్డు కావాలి. దీనితో పాటు కంప్యూటర్‌లో నడిచే సీ ప్రోగ్రాం ఒకటి ఇచ్చారు.

మొదటి మెట్టు: నిర్దేశాన్ని నిలదీయండి

టూల్ తెరవకండి. కాగితం, పెన్ను తీసుకుని పత్రంలోని ప్రతి వాక్యానికీ ఎదురుగా కాలం, వెడల్పు, చోటు అని మూడు గడులు గీయండి. ఖాళీగా ఉన్న ప్రతి గడీ ఒక ప్రశ్న. మొదటిసారి చేసినప్పుడు ఖాళీలే ఎక్కువ కనిపిస్తాయి, అందులో తప్పేమీ లేదు.

ఈ పనిలో విలువైన ఫలితం వైరుధ్యాలు బయటపడటం. మన ఉదాహరణలోనే ఒకటి ఉంది. గుణకాల పట్టికను ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉంటే, అంటే సౌష్ఠవంగా ఉంటే, 64 గుణకాల వడపోత సంకేతాన్ని 31.5 శాంపిల్స్ ఆలస్యం చేస్తుంది. సెకనుకు లక్ష శాంపిల్స్ కాబట్టి ఒక్కో శాంపిల్ మధ్య 10 మైక్రోసెకన్లు. మొత్తం ఆలస్యం 315 మైక్రోసెకన్లు. అలారం మాత్రం 200లో రావాలన్నారు. ప్రపంచంలో ఎంత వేగమైన చిప్ తెచ్చినా ఇది కుదరదు. ఆ ఆలస్యం గణితంలోనే ఉంది, చిప్ వేగంతో దానికి సంబంధం లేదు. ఏ టూలూ మీకు ఈ మాట చెప్పదు. సీ ప్రోగ్రాం కూడా చెప్పదు, ఎందుకంటే దానిలో కాలమే లేదు.

ఇలాంటప్పుడు నిర్దేశం రాసినవారి దగ్గరికి నడిచి వెళ్లి అడగాలి. మెయిల్ కన్నా ఎదురుగా కూర్చుని ఒక గీత గీసి చూపిస్తే త్వరగా తేలుతుంది. బేరింగు పాడవడం వారాల తరబడి జరిగే పని కాబట్టి 1 మిల్లీసెకను చాలునని వారు ఒప్పుకున్నారనుకుందాం. ఆ మార్పును పత్రంలో రాయించుకోండి. నోటిమాటగా వదిలితే ఆరు నెలల తరువాత పరీక్ష రాసేవారికి పాత 200 మాత్రమే కనిపిస్తుంది.

రెండో మెట్టు: అసలు హార్డ్‌వేర్ అవసరమా?

ఇది నిజాయతీగా అడగవలసిన ప్రశ్న. మైక్రోకంట్రోలర్‌తో అయ్యే పనికి ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్) పెడితే ఖర్చు, విద్యుత్తు, మీ నెలల శ్రమ మూడూ వృథా.

లెక్క వేద్దాం. ప్రతి శాంపిల్ వ్యవధిలో 16 చానళ్లు, ఒక్కోదానికి 64 గుణకారాలు, మొత్తం 1024. సెకనుకు 10.24 కోట్లు. 168 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే కార్టెక్స్ ఎం4 మైక్రోకంట్రోలర్‌కు శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య 1680 సైకిళ్లు (క్లాక్ తట్లు) దొరుకుతాయి. అందులోనే డేటాను మెమరీ నుంచి తేవాలి, 16 ఏడీసీ (సెన్సర్ సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్) విలువలు చదవాలి, అంతరాయాలకు (ఇంటరప్ట్‌లకు) జవాబివ్వాలి. దాని ప్రత్యేక ఆదేశాలు వాడి గట్టిగా పిండితే వడపోత వరకు సరిపోవచ్చు. రికార్డింగుకూ నెట్‌వర్కుకూ ఏమీ మిగలదు. ఇక్కడ హార్డ్‌వేర్ సహాయం న్యాయమే. ఇదే పెట్టెలో 2 సెన్సర్లే ఉంటే మైక్రోకంట్రోలర్ చాలు, ఈ వ్యాసాన్ని ఇక్కడే మూసేయవచ్చు.

ఏ ముక్కను హార్డ్‌వేర్‌లోకి తేవాలో ప్రోగ్రాంను కొలిచి తేల్చండి, ఊహించకండి. 1967లో జీన్ ఆమ్డాల్ చూపిన లెక్క ఇప్పటికీ మనకు దారి. మొత్తం సమయంలో వడపోత 80 శాతం తీసుకుంటోందనుకోండి. దాన్ని 20 రెట్లు వేగం చేసినా మొత్తం పని దాదాపు 4.2 రెట్లే వేగమవుతుంది. వడపోతకు సమయమే పట్టకుండా చేసినా 5 రెట్లు దాటదు. మిగిలిన 20 శాతం మీ చేతిలో లేదు.

కాలం తప్పకుండా పదేపదే జరిగే పని హార్డ్‌వేర్‌లోకి, తరచూ మారే పని, నిర్ణయాలు ఎక్కువగా ఉన్న పని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలి. ఏడీసీ చదవడం, వడపోత, అలారం తేల్చడం హార్డ్‌వేర్‌కు. రికార్డింగు, నెట్‌వర్కు, ఆపరేటర్ తెర ప్రాసెసర్‌కు. అలారాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెడదామని చాలామంది అంటారు. డేటాను 1000 శాంపిల్స్ చొప్పున ప్రాసెసర్‌కు పంపితే ఒక్కో కట్టకు 10 మిల్లీసెకన్లు నిండాలి, మన గడువు 1 మిల్లీసెకను. కట్టను చిన్నది చేసుకుంటూ పోతే ప్రాసెసర్ అంతరాయాలతోనే సతమతమవుతుంది. కాబట్టి అలారం హార్డ్‌వేర్‌లోనే ఉండాలి.

ఈ రెండు భాగాలూ ఒకే చిప్‌లో ఉండే జింక్ 7020 లాంటిది మన పనికి నప్పుతుంది. అందులో రెండు కార్టెక్స్ ఏ9 ప్రాసెసర్లు, పక్కనే 53,200 లట్‌లు (చిన్న తర్క పట్టికలు), 220 డీఎస్‌పీ బ్లాకులు (గుణించి కూడే తయారు సర్క్యూట్లు) ఉంటాయి. మన అవసరానికి ఇది చాలా పెద్దదని తరువాత తెలుస్తుంది.

మూడో మెట్టు: ఎన్ని బిట్లు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. కొత్తవాళ్లు అన్నిటికన్నా తొందరగా దాటేసేదీ ఇదే.

కంప్యూటర్‌లోని సీ ప్రోగ్రాం దశాంశ బిందువు తేలే అంకెలతో నడుస్తుంది. హార్డ్‌వేర్‌లో వాటికి చోటూ కాలమూ ఎక్కువ పడతాయి. కూడికకే కొన్ని సైకిళ్లు పట్టడం వల్ల, ముందు కూడిక పూర్తయ్యేదాకా తరువాతిది ఆగవలసి వస్తుంది. కాబట్టి స్థిర బిందువు పద్ధతికి మారాలి. గుణకాలను 32,768తో గుణించి 16 బిట్ల పూర్ణాంకాలుగా నిలపండి. చివర 15 బిట్లు కుడికి జరిపితే అసలు విలువ వస్తుంది.

ఇప్పుడు వెడల్పులు. 12 బిట్ల శాంపిల్‌ను 16 బిట్ల గుణకంతో గుణిస్తే 28 బిట్లు. అలాంటివి 64 కూడితే ఇంకో 6 బిట్లు కావాలి, మొత్తం 34. సీ ప్రోగ్రాంలోని 32 బిట్ల పూర్ణాంకం దీనికి హామీ ఇవ్వలేదు. మీ గుణకాల అసలు విలువలు తెలుసు కాబట్టి వాటి పరిమాణాలన్నీ కూడి లెక్కిస్తే తక్కువ బిట్లే చాలవచ్చు. జింక్‌లోని డీఎస్‌పీ బ్లాకులో కూడే రిజిస్టర్ (మొత్తాన్ని నిలిపే చోటు) 48 బిట్లది కనుక ఇక్కడ పొదుపు చేయవలసిన పని లేదు. 34 ఉంచండి, నిశ్చింతగా ఉండండి.

మూడు చోట్ల జాగ్రత్త. మొదటిది భాగహారం. సీ భాషలో -7ను 2తో భాగిస్తే -3 వస్తుంది. అదే -7ను ఒక బిట్ కుడికి జరిపితే -4 వస్తుంది. నిర్దేశంలో "భాగించు" అని ఉంటే ఏది కావాలో అడగాలి. ఇలా కిందికి కోసుకుంటూ పోతే ప్రతి ఫలితం కొద్దిగా రుణ దిశకు వాలుతుంది. 15 బిట్లు జరిపే ముందు 16,384 కలిపితే ఆ వాలు దాదాపుగా పోతుంది. రెండోది, ఫలితం 16 బిట్లలో పట్టకపోతే ఏమవ్వాలి? చుట్టుతిరిగి పెద్ద ధనసంఖ్య పెద్ద రుణసంఖ్య అయితే అలారాలు తప్పుతాయి. గరిష్ఠ విలువ దగ్గర ఆగిపోవాలని రాసుకోండి. మూడోది పరిమితి పరీక్ష. విలువ గుర్తు తీసేసి పరిమితితో పోల్చాలని ప్రోగ్రాం అంటుంది. 16 బిట్లలో -32,768కి జత ధనసంఖ్య లేదు. 17 బిట్లు వాడండి, లేదా పైనా కిందా విడివిడిగా పోల్చండి.

ఈ నిర్ణయాలన్నీ పెట్టి సీ ప్రోగ్రాంను మళ్లీ రాయండి, ఈసారి పూర్ణాంకాలతో. బిట్ బిట్‌కూ హార్డ్‌వేర్‌తో సరిపోలవలసిన నమూనా ఇది. పాత ప్రోగ్రాంకూ దీనికీ తేడా ఎంతవరకు ఉండవచ్చో నిర్దేశం రాసినవారితో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

నాలుగో మెట్టు: కాలం, చోటు కలిపి లెక్క వేయడం

ప్రోగ్రాంను ఉన్నదున్నట్టుగా ఇచ్చి, లూపులన్నిటినీ విప్పమని, అంటే ప్రతి తిరుగుడుకూ వేరే సర్క్యూట్ పెట్టమని హెచ్‌ఎల్‌ఎస్ టూల్‌కు చెప్పారనుకోండి. 16 చానళ్లు, 64 గుణకాలు, 1024 మల్టిప్లయర్లు (గుణకారం చేసే సర్క్యూట్లు) అడుగుతుంది. చిప్‌లో ఉన్నవి 220. పెద్ద చిప్ కొందామనే ఆలోచన అప్పుడే వస్తుంది, దాన్ని పక్కన పెట్టండి.

100 మెగాహెర్ట్జ్ క్లాక్ తీసుకుంటే శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య 1000 సైకిళ్లు ఉన్నాయి. ఒక మల్టిప్లయర్ సైకిల్‌కు ఒక గుణకారం చేస్తే 1000 అవుతాయి, మనకు కావలసినవి 1024. ఇరవై నాలుగు తక్కువ! ఇక్కడ రెండో మల్టిప్లయర్ పెట్టి ముందుకు పోవచ్చు, తప్పు లేదు. కానీ గుణకాలు సౌష్ఠవంగా ఉన్నాయని మొదటి మెట్టులోనే అనుకున్నాం. మొదటి గుణకమూ చివరి గుణకమూ ఒకటే అయితే, ఆ రెండు శాంపిల్స్‌ను ముందే కూడి ఒక్కసారే గుణించవచ్చు. 64 గుణకారాలు 32 అవుతాయి. జింక్ డీఎస్‌పీ బ్లాకులో మల్టిప్లయర్‌కు ముందు కూడే సర్క్యూట్ ఇందుకోసమే ఉంది. 16 చానళ్లకు 512 సైకిళ్లు. ఒక్క మల్టిప్లయర్ చాలు, సగం సమయం మిగులుతుంది కూడా.

వెడల్పులు మారలేదని సరిచూసుకోండి: రెండు శాంపిల్స్ మొత్తం 13 బిట్లు, గుణిస్తే 29, అలాంటివి 32 కూడితే ఇంకో 5, మళ్లీ 34.

ఇక చోటు. ప్రతి చానల్‌కు గత 64 శాంపిల్స్ గుర్తుండాలి. 16ను 64తో గుణిస్తే 1024 విలువలు. ఎఫ్‌పీజీఏలోని 18 కిలోబిట్ల బ్లాక్ మెమరీని 18 బిట్ల వెడల్పుతో వాడితే సరిగ్గా 1024 గడులు వస్తాయి. దానికి రెండు ద్వారాలే ఉంటాయి, అంటే సైకిల్‌కు రెండు విలువలే చదవగలం. మనకు సైకిల్‌కు కావలసినవీ రెండే, ఆ చివరిదొకటి, ఈ చివరిదొకటి. కొత్త శాంపిల్స్‌ను రాయడానికి 16 సైకిళ్లు చాలు, ఖాళీ సమయంలో రాస్తాం. కాలమూ వెడల్పూ చోటూ ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడం చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

సీ ప్రోగ్రాంలో ఒక అలవాటును ఇక్కడ వదులుకోవాలి. కొత్త శాంపిల్ రాగానే పాతవాటన్నిటినీ ఒక గడి వెనక్కి జరపడం అక్కడ మామూలు. బ్లాక్ మెమరీలో ఇలా చేస్తే 16 చానళ్లకు వెయ్యికి పైగా సైకిళ్లు దానికే పోతాయి. విలువలను కదపకండి, మొదటి గడి ఏదో చెప్పే సూచికను కదపండి. 64 అనేది ఆరు రెండ్లను గుణిస్తే వచ్చేది కనుక 6 బిట్ల సూచిక దానంతట అదే 63 తరువాత 0కు చుట్టుతిరుగుతుంది.

ఐదో మెట్టు: టూల్‌కు అర్థమయ్యేలా రాయడం

ఇప్పుడు హెచ్‌ఎల్‌ఎస్ తెరవవచ్చు. విటిస్ హెచ్‌ఎల్‌ఎస్ వాడినా, మిలాన్ పాలిటెక్నిక్ నుంచి వచ్చిన స్వేచ్ఛా సాధనం బాంబు (Bambu) వాడినా సూత్రాలు అవే. మెమరీని అప్పటికప్పుడు అడిగి తెచ్చుకోవడం, తనను తానే పిలుచుకునే ఫంక్షన్లు, ఫైళ్లు చదవడం ఉండకూడదు. లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో ముందే తెలియాలి. ప్రతి చలరాశికీ మీరు తేల్చిన వెడల్పు ఇవ్వాలి.

పైప్‌లైన్ అంటే ఏమిటో మన బెంగళూరు దర్శిని హోటల్లో నిలబడి చూడండి. ఒకరు పిండి వేస్తారు, ఒకరు తిరగేస్తారు, ఒకరు చట్నీతో పళ్లెంలో పెడతారు. ఒక దోసె కావడానికి కొన్ని నిమిషాలు పట్టినా కౌంటరులోంచి కొన్ని సెకన్లకొకటి వస్తూనే ఉంటుంది. లోపలి లూపును పైప్‌లైన్ చేసి, ప్రతి సైకిల్‌కూ కొత్త గుణకారం మొదలవ్వాలని టూల్‌కు చెప్పండి. నివేదికలో ఆ వ్యవధి 1 అని రావాలి. 2 అని వస్తే దాదాపు ఎప్పుడూ కారణం మెమరీ ద్వారాలే: ఒకే మెమరీ నుంచి మూడో విలువ ఎక్కడో అడుగుతున్నారు. ఆ చోటు వెతికి సరిచేయండి, ఆదేశాలు పెంచుకుంటూ పోకండి.

పైప్‌లైన్ నిండడానికి ఒక్కో చానల్‌కు 8 సైకిళ్లు అదనంగా పోతాయనుకుంటే చానల్‌కు 40, మొత్తం 640. ఇంకా 360 చేతిలో ఉన్నాయి.

ఇంత చిన్న సర్క్యూట్‌కు నేనైతే నేరుగా వెరిలాగ్‌లో రాస్తాను. నియంత్రణ అంతా రెండు లెక్కింపు రిజిస్టర్లు, ఒక స్థితి యంత్రం (ఏ దశ తరువాత ఏ దశో నడిపే సర్క్యూట్). నిర్దేశం తరచూ మారుతుంటే, లూపుల ఆకారాలు నాలుగైదు రకాలుగా ప్రయత్నించాలంటే హెచ్‌ఎల్‌ఎస్ మేలు. ఏ దారిలో వెళ్లినా పై నాలుగు మెట్లు తప్పవు.

ఆరో మెట్టు: రెండు లోకాల మధ్య ద్వారం

ప్రాసెసర్‌కూ సర్క్యూట్‌కూ మధ్య ఒప్పందం రిజిస్టర్ల పట్టిక. ఏ చిరునామాలో ఏ బిట్ ఏమిటి, రీసెట్ తరువాత విలువ ఎంత, రాస్తే ఏమవుతుంది, చదివితే ఏమవుతుంది, అన్నీ అందులో ఉండాలి. చిప్ లోపలి భాగాలను కలిపే ప్రామాణిక పద్ధతి ఏఎక్స్ఐ: నియంత్రణకు ఏఎక్స్ఐ లైట్, శాంపిల్స్ ప్రవాహానికి ఏఎక్స్ఐ స్ట్రీమ్, అక్కడి నుంచి డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మోసే సర్క్యూట్) ద్వారా మెమరీలోకి. మన ప్రవాహం సెకనుకు 32 లక్షల బైట్లు, దీనికి అది చాలా తేలిక.

"పరిమితిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్న వాక్యం గుర్తుందా? సర్క్యూట్ 7వ చానల్ లెక్కిస్తుండగా ప్రాసెసర్ పరిమితులు మారుస్తుంటే కొన్ని చానళ్లు పాత విలువతో, కొన్ని కొత్త విలువతో నడుస్తాయి. కొత్త పరిమితులు నీడ రిజిస్టర్లలోకి (అమలులోకి రాకముందు విలువలు ఆగే చోట్లలోకి) వెళ్లి, తరువాతి శాంపిల్ మొదట్లో అన్నీ ఒకేసారి అమలులోకి రావాలి. అలారం బిట్‌ను ప్రాసెసర్ తుడిచేస్తున్న అదే సైకిల్‌లో కొత్త అలారం వస్తే? కొత్త అలారమే గెలవాలి. ఈ ఒక్క వాక్యం పట్టికలో లేకపోవడం వల్ల అలారాలు జాడ లేకుండా మాయమవుతాయి.

రీసెట్ గురించి కూడా ఆలోచించండి. సీలో గ్లోబల్ చలరాశులు సున్నాతో మొదలవుతాయి. బ్లాక్ మెమరీ రీసెట్ చేసినా తుడిచిపెట్టుకుపోదు. మళ్లీ మొదలైన తరువాత 64 శాంపిల్స్ దాకా, అంటే 640 మైక్రోసెకన్లు, పాత విలువలు వడపోతలో కలుస్తాయి. ఆ సమయంలో అలారాన్ని ఆపి ఉంచండి.

అన్నిటికన్నా ప్రమాదకరం ఏడీసీ వైపు ద్వారం, అక్కడ క్లాక్ వేరు. ఈ పాఠం నేను పదకొండు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పరికరంలో 12 బిట్లలో ఒక్కో బిట్‌కూ రెండు ఫ్లిప్‌ఫ్లాపులు (క్లాక్ తట్టినప్పుడు ఒక బిట్‌ను పట్టి నిలిపేవి) పెట్టి విలువను ఒక క్లాక్ నుంచి ఇంకొక క్లాక్‌కు దాటించాను. సిమ్యులేషన్‌లో ఏ తప్పూ లేదు. యంత్రం దగ్గర మాత్రం కొన్ని గంటలకొకసారి రికార్డులో ఒక పెద్ద ముల్లు కనిపించేది, అదీ మోటారు ఆగి నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఎక్కువగా. సెన్సర్‌ను అనుమానించాం, తీగలను మార్చాం. చివరికి తేలింది ఇది. ఆ ఏడీసీలో సున్నా కంపనం అంటే 2048. నిశ్శబ్దంలో విలువ 2047కూ 2048కీ మధ్యే ఊగుతుంది. 2047 అంటే ఒక సున్నా, పదకొండు ఒకట్లు. 2048 అంటే ఒక ఒకటి, పదకొండు సున్నాలు. 12 బిట్లూ ఒకేసారి మారే చోటు అదొక్కటే. కొన్ని బిట్లు ఈ సైకిల్‌లో, కొన్ని తరువాతి సైకిల్‌లో దాటితే మధ్యలో ఏ విలువైనా కనిపిస్తుంది. రెండు ఫ్లిప్‌ఫ్లాపుల పద్ధతి ఒక్క బిట్‌కే సరైనది. అనేక బిట్లు కలిసి దాటాలంటే రెండు క్లాకుల ఫిఫో (ముందు వచ్చినది ముందు పోయే వరుస మెమరీ) గానీ, "సిద్ధం" అని ఒక్క బిట్ మాత్రమే దాటించి డేటాను అప్పటిదాకా కదలకుండా నిలిపే పద్ధతి గానీ వాడాలి.

ఏడో మెట్టు: తప్పు పట్టే పరీక్షలు

మూడో మెట్టులో రాసిన పూర్ణాంకాల నమూనా ఇప్పుడు న్యాయమూర్తి. వెరిలేటర్ అనే సాధనం మీ వెరిలాగ్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి మారుస్తుంది కాబట్టి రెండింటినీ ఒకే ప్రోగ్రాంలో పెట్టి ప్రతి శాంపిల్‌కూ పోల్చవచ్చు. ఒక్క బిట్ తేడా వచ్చినా ఆగిపోవాలి. "చిన్న తేడాయే కదా" అని వదలకండి, ఆ చిన్న తేడా వెనక గడి తప్పిన సూచిక ఉండవచ్చు.

ఏ పరీక్షలు? ఒకే ఒక్క శాంపిల్‌లో 1024 పెట్టి మిగతావన్నీ సున్నాలు ఇవ్వండి. గుణకాలు వరుసగా, ఒక్కొక్కటి 32లో ఒక వంతు పరిమాణంతో బయటికి రావాలి. క్రమం తప్పినా, ఒకటి ఎగిరిపోయినా వెంటనే కనిపిస్తుంది. తరువాత ఒక్క చానల్‌కే సంకేతమిచ్చి మిగతా 15 సున్నాగా ఉన్నాయో లేదో చూడండి, 16 సార్లూ చేయండి. ఒకే మెమరీని పంచుకునే డిజైన్‌లో చానళ్లు ఒకదానిలోకి ఒకటి కారడం చాలా సులభం. ఆ తరువాత అతి కఠినమైన ఇన్‌పుట్: గుణకం ధనమైన చోట గరిష్ఠ శాంపిల్, రుణమైన చోట కనిష్ఠ శాంపిల్. మొత్తం దీనికన్నా పెద్దది కాలేదు కాబట్టి బిట్లు చాలతాయో లేదో ఇక్కడే తేలుతుంది. చివరగా యాదృచ్ఛిక విలువలు, రాత్రంతా. డబ్బులేని విద్యార్థులు ఉచితంగా దొరికే ఐకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్‌లతో తరంగాలు చూసుకోవచ్చు, పని నేర్చుకోవడానికి అవి చాలు.

క్లాకుల మధ్య దాటే తప్పులను మామూలు సిమ్యులేషన్ పట్టదని నా పదకొండు రోజులు చెప్పాయి. వాటిని డిజైన్ సమీక్షలో, ప్రతి దాటింపునూ జాబితా రాసి, ఇంకొకరి కళ్లతో చూడాలి.

ఎనిమిదో మెట్టు: బోర్డు మీద

సింథసిస్ అయ్యాక హెచ్‌ఎల్‌ఎస్ ఇచ్చిన వేగపు అంచనాను నమ్మకండి. తీగలన్నీ పరిచాక వచ్చే కాల నివేదికే నిజం. 100 మెగాహెర్ట్జ్ అంటే 10 నానోసెకన్లు. మిగులు (అందులో పని అయ్యాక మిగిలే సమయం) రుణసంఖ్యగా ఉంటే బోర్డు మీద పనిచేసినట్టు కనిపించినా బయటికి పంపకండి, ఎండాకాలం పీణ్యలోని రేకుల షెడ్డులో వేడెక్కాక అది పనిచేస్తుందన్న హామీ లేదు.

బోర్డును మెట్లవారీగా మేల్కొలపండి. ముందు ఒక స్థిర విలువ ఉన్న రిజిస్టర్‌ను ప్రాసెసర్ నుంచి చదవండి. అది వస్తే చిరునామాలు సరి. తరువాత ఏడీసీకి బదులు లోపలే 0 నుంచి పెరుగుతూ పోయే అంకెలు పుట్టించి, అవి డీఎంఏ ద్వారా మెమరీలోకి తప్పులేకుండా వస్తున్నాయో చూడండి. పాత అంకెలే మళ్లీ మళ్లీ కనిపిస్తే ముందుగా ప్రాసెసర్ క్యాష్‌ను (దాని పక్కనే ఉండే చిన్న మెమరీని) అనుమానించండి. డీఎంఏ రాసిన చోటును చదివే ముందు క్యాష్‌లోని పాత ప్రతిని చెల్లనిదిగా చేయాలి. అసలు సెన్సర్ చివరికి. దానికి కావలసిన కనెక్టర్లు, తీగలు బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటి భాగం సంఖ్యను రాసుకుని వెళ్లండి, చూడటానికి ఒకేలా ఉన్నవి బిగించాక ఒకేలా ఉండవు.

ఇక నిర్దేశం తప్పక మారుతుంది. వర్క్‌షాపులో ఇంకో వరుస యంత్రాలు వచ్చాయి, 24 చానళ్లు కావాలన్నారనుకోండి. మీ లెక్క కాగితం తీయండి. చానల్‌కు 40 సైకిళ్లు, 24కు 960. కొత్త శాంపిల్స్ రాయడానికి 24. మొత్తం 984, వెయ్యిలో ఇముడుతుంది. మెమరీకి 1536 గడులు కావాలి, 18 కిలోబిట్లు చాలవు, 36 కిలోబిట్ల బ్లాకు ఒకటి సరిపోతుంది. మల్టిప్లయర్ ఇంకా ఒక్కటే. 26 అడిగితే 1040 సైకిళ్లు, ఇమడవు. అప్పుడు రెండో మల్టిప్లయర్ పెట్టండి, దానికి సొంత మెమరీ ఇవ్వండి, చెరి 13 చానళ్లు పంచండి.